లోసా వంతు సాక్ష్యం

సమోవాలో, సవాయి దీవి మీద ఒక ఊరు. శనివారం సాయంత్రం. పెళ్ళయి తొమ్మిది వారాలైన లోసా వంటపాకలో కోకో కలుపుతోంది. బస్సు డ్రైవరు ఇచ్చిన కవరు పట్టుకుని మొగుడు రొపాటి పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"వచ్చేసింది లోసా! వచ్చేసింది!"

"ఏం వచ్చింది? అబ్బ, చెయ్యి వదులు, కోకో ఒలికిపోతోంది..."

"ఒలకనీ. నన్ను తీసుకున్నారు! పాస్టర్ల కాలేజీలో! నలభై ఒక్కమంది వెళ్తే తొమ్మిదిమందిని తీసుకున్నారు. అందులో మూడో పేరు నాది."

"మూడోదా? నిజంగా? ఒట్టు?"

"ఒట్లు పెట్టకూడదు ఇకమీదట. పాస్టరుగారిని."

"అబ్బో! పాస్టరుగారు ముందు మీసానికి అంటిన అరటిపండు తుడుచుకుంటే బాగుంటుంది."

"నువ్వే తుడువు. పాస్టరమ్మవి కదా."

"ఏమన్నావ్? ఇంకోసారి అను."

"పాస్టరమ్మా."

"ఇంకోసారి."

"చాల్లే, ఎవరన్నా వింటారు."

"విననీ. ఇల్లిస్తారు కదూ? పెళ్ళైనవాళ్ళకి ఇల్లిస్తారన్నావ్."

"అక్కడ పెళ్ళికానివాడే ఉండడే. పెళ్ళాం లేనివాణ్ణి గేటు కూడా దాటనివ్వరు. రెండు గదులు. వెనకాల చేమదుంపలు వేసుకోడానికి కాస్త నేల."

"గదంటే గోడలున్న గదేనా?"

"నాలుగు గోడలు."

"తలుపు?"

"తలుపూ ఉంటుంది."

"గొళ్ళెం?"

"గొళ్ళెం కూడా ఉంటుంది పిచ్చిదానా."

"దేవుడా, గొళ్ళెం! తొమ్మిది వారాల నుంచి ఈ గోడల్లేని ఇంట్లో, స్తంభాల మధ్య, ఒక్క గుడ్డ తెర అడ్డం పెట్టుకుని... అవతల మీ అమ్మ దగ్గుతుంటే ఇవతల నేను నవ్వాపుకోలేక దుప్పటి కొరుక్కుంటున్నాను. ఆ దుప్పటికి అంచే మిగల్లేదు తెలుసా?"

"మెల్లిగా! అమ్మ పక్కింట్లోనే ఉంది."

"వెళ్ళిన రోజే ఆ గొళ్ళెం వేస్తాను, తీస్తాను, మళ్ళీ వేస్తాను. తర్వాత మనిద్దరికీ రెండు కప్పుల కోకో. రెండే. ఈ ఇంట్లోలా పదకొండు కాదు. ఏదీ, ఉత్తరం ఇలా ఇవ్వు, నేను పైకి చదువుతాను."

"ఇదిగో, ఈ కాగితం చదువు."

"రెండోదో?"

"అందులో ఏముంది, ఏవో నియమాలు. దుప్పట్లు ఎన్ని తెచ్చుకోవాలి, గిన్నెలు ఎన్ని..."

"ఆ లెక్కే కదా నాక్కావాల్సింది. ఇవ్వు."

"తర్వాత చూద్దువుగాని."

"ఇప్పుడే చూస్తాను."

"లోసా, పొయ్యి చూసుకో, మంట..."

"మంట బాగానే ఉంది. కాగితం ఎందుకలా నలిపేస్తున్నావ్? ఇటివ్వు రొపాటీ. ఇటి... హమ్మయ్య. ఏంటిది? 'మౌఖిక పరీక్షలో తమ మామగారి మరణాన్ని గురించి తాము చెప్పిన సాక్ష్యం మమ్మల్నందరినీ కదిలించింది. ప్రిన్సిపాలుగారు ఈ ఆదివారం స్వయంగా తమ సంఘానికి వచ్చి, ఆ సాక్ష్యాన్ని తమ నోటా, తమ భార్య నోటా వినగోరుతున్నారు. పిమ్మట ప్రవేశం ఖాయం చేయబడును.' ఈ ఆదివారమంటే రేపేగా?"

"రేపే."

"మామగారంటే మా నాన్నేగా?"

"నాకు ఇంకెవరున్నారు మామగారు?"

"మా నాన్న పోయిందాని గురించి నువ్వేం సాక్ష్యం చెప్పావ్?"

"బాగానే చెప్పాను."

"బాగానే అంటే?"

"అంటే... వాళ్ళకి నచ్చింది."

"ఏం నచ్చింది? నువ్వు అక్కడ లేవుగా. ఆసుపత్రి గదిలో ఉన్నది నేనొక్కదాన్ని. అమ్మ కూడా ఉతికిన బట్టలు తేవడానికి ఇంటికెళ్ళింది. నువ్వు ఇక్కడ గుళ్ళో పాటలు ప్రాక్టీసు చేస్తున్నావ్. మర్నాడు పొద్దున శవాన్ని తేవడానికి ట్రక్కు తోలుకొచ్చావ్. అంతే."

"అది నీకు తెలుసు, నాకు తెలుసు."

"వాళ్ళకేం తెలుసు?"

"ముందు పరీక్ష ఎలా జరిగిందో విను. బల్ల అవతల ఏడుగురు పెద్దలు. ఒకాయన అడిగాడు. 'ఒక అవిశ్వాసి నీ ఎదురుగా నిలబడి, దేవుడున్నాడనడానికి రుజువు చూపించమంటే ఏం చూపిస్తావు?' అని. అచ్చం మీ నాన్న గొంతు విన్నట్టే అనిపించింది లోసా."

"మా నాన్న అడిగే ప్రశ్నే అది."

"అదే కదా! నాకన్నా ముందు వెళ్ళినవాడు నక్షత్రాలు అన్నాడట. వాడి ముందువాడు కొబ్బరికాయలోకి నీళ్ళెలా వచ్చాయి అన్నాడట. ఇంకొకడు సముద్రం గట్టు దాటదు కదా, అదే రుజువు అన్నాడు. పోయిన తుపానుకి వాడి ఊళ్ళో సగం కొట్టుకుపోయింది, పాపం. ప్రిన్సిపాలుగారు ఆవలిస్తున్నారు. నేనూ నక్షత్రాలంటే నాకు ఏ నలభయ్యో నంబరో వచ్చేది."

"అందుకని?"

"అందుకని... రుజువు నేను కళ్ళారా చూశానయ్యా అన్నాను. దేవుడు లేడు, నరకం లేదు అని బతుకంతా ఎగతాళి చేసిన సెమీసి అనే మనిషి, చచ్చేముందు నరకాన్ని చూశాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఉన్నాను, అన్నాను. అంతే. ఏడుగురూ ముందుకు వంగారు. ఆవలింతలు ఎటు పోయాయో!"

"నువ్వు చెయ్యి పట్టుకుని ఉన్నావా?"

"ఒక మాట అనుకో."

"ఇంకా ఏమన్నావ్?"

"కాళ్ళు కాలిపోతున్నాయని అరిచాడన్నాను."

"మా నాన్నకి కాళ్ళలో స్పర్శే లేదు రొపాటీ! చక్కెర జబ్బుతో ఒక కాలు తీసేశారు. రెండో కాలికి నిప్పు తగిలినా తెలిసేది కాదు."

"నేనూ అది చెప్పాను. దాచలేదు. లేని కాలు కూడా కాలిందంటే అది మామూలు మంట కాదు అన్నారు ఒకాయన. రాసుకున్నారు కూడా."

"నాన్న అరవలేదు. కోకో అడిగాడు. రెండేళ్ళయింది చక్కెర తిని, ఒక్కసారి చక్కెర వేసి ఇవ్వు తల్లీ అన్నాడు. నర్సు కూడా ఇక ఇచ్చెయ్యమ్మా అంది. నాలుగు చెంచాలు వేశాను. తాగి పెదాలు నాక్కుని, 'ఇది చాల్లే' అన్నాడు. చిన్నపిల్లాడిలా నవ్వుతూ పోయాడు. నీకు చెప్పానుగా. పెళ్ళైన మొదటి రాత్రి చెప్పాను. నువ్వు ఏడ్చావు కూడా."

"ఏడ్చాను. నిజంగానే ఏడ్చాను."

"ఏడ్చి, దాన్ని ఇలా చేశావా?"

"కోకో తాగి నవ్వుతూ పోయాడంటే అది దేనికి రుజువే లోసా? నువ్వే చెప్పు. ఏడుగురి ముందు కూర్చుని చక్కెర గురించి చెప్పమంటావా?"

అత్తగారు మాసినా వచ్చింది. ఆమె చేతిలో, గుడికి పెట్టుకెళ్ళే కొత్త తెల్ల టోపీ.

"ఏమిటమ్మా లోసా, మొహం అలా వేలాడేశావ్? శుభవార్త విన్నావుగా? ఇదిగో, నీకే. అంచుకి లేసు నేనే కుట్టాను. రేపు అందరి కళ్ళూ నీ మీదే."

"మీకు తెలుసా అత్తయ్యా? ఈయన అక్కడ చెప్పింది మీకు ముందే తెలుసా?"

"తెలియకేం? ఇద్దరం కూర్చునే అల్లుకున్నాం. కాళ్ళ సంగతి నాదే."

"అమ్మా, నువ్వూరుకో."

"నేనెందుకు ఊరుకుంటానురా? సిగ్గుపడే పనేం చేశాం? దేవుడి పని చేశాం."

"అబద్ధం చెప్పి చేశారు అత్తయ్యా."

"ఎందులో అబద్ధం? మీ నాన్న నరకంలో లేడూ? ప్రార్థన శంఖం ఊదగానే ఊరంతా ఇళ్ళల్లో తలలు వంచుకుని కూర్చుంటే, మీ నాన్న రోడ్డు మధ్యలో చేతులూపుకుంటూ నడిచేవాడు. ఎన్నిసార్లు పందుల్ని జరిమానా కట్టాడు? పంచాయితీలో ఏమన్నాడు? 'ఇన్ని పందులు తిన్నారు, ఇంకా మీ దేవుడు రాలేదే' అన్నాడు. అలాంటివాడు ఎక్కడుంటాడు? కాలుతున్నాడు. ఆసుపత్రిలో ఓ గంట ముందే అరిచాడన్నాం. ఇప్పుడెలాగూ అరుస్తూనే ఉన్నాడు. అంతే తేడా."

"రొపాటీ, వింటున్నావా మీ అమ్మ మాటలు?"

"అమ్మా, కొంచెం మెల్లిగా చెప్పు..."

"మెల్లిగానే చెబుతున్నా. బతికున్నన్నాళ్ళూ ఎవడికీ పనికిరాని మనిషి, చచ్చాక అల్లుడికి చదువు పెట్టిస్తున్నాడు. సంతోషించాలి పిల్లా."

"నేను మా అమ్మ దగ్గరికి పోతాను. తప్పుకోండి."

శంఖం ఊదారు.

"కూర్చో. ఇప్పుడు రోడ్డెక్కితే కాపలావాళ్ళు ఆపుతారు. సెమీసి కూతురికి సెమీసి బుద్ధే వచ్చిందంటారు. కూర్చుని తల వంచుకో. రొపాటీ, ప్రార్థన నువ్వు చెయ్యి నాన్నా. పాస్టరువి కదా ఇక."

"ప్రేమగల తండ్రీ, ఈ సాయంత్రం మా కుటుంబాన్ని నీ చల్లని రెక్కల కింద..."

"రొపాటీ, ఒక్క మాట అడుగుతాను."

"ప్రార్థన మధ్యలో మాట్లాడకే!"

"దేవుడు వింటున్నాడుగా అత్తయ్యా, ఆయన ముందే అడుగుతాను. రొపాటీ, మన పెళ్ళయిన ఎన్నాళ్ళకి దరఖాస్తు పెట్టావ్?"

"...నాలుగు రోజులకి."

"అంటే పెళ్ళి దానికోసమేనా?"

"పెళ్ళాం లేకుండా తీసుకోరు కదా. అందరూ అలాగే..."

"వాణ్ణి అడగడమెందుకు, నేను చెబుతా. వాడికి ముగ్గురు పెళ్ళికూతుళ్ళని చూశాను. ఒకత్తి నీకన్నా తెలుపు. ఇంకొకత్తి తండ్రికి రెండు పడవలు. మరి నిన్నెందుకు చేసుకున్నాడనుకున్నావ్? నీ నవ్వు చూసా? నాస్తికుడి అల్లుడు చెబితే ఆ సాక్ష్యానికి బరువుంటుంది, నాస్తికుడి కూతురు లేచి అవునంటే ఇక తిరుగే ఉండదు. ఆలోచన నాదే."

"అమ్మా!"

"రొపాటీ, నువ్వు చెప్పు. ఆవిడ కాదు."

"ఇష్టం కూడా ఉంది లోసా."

"కూడా."

"అలా అనకు. ఒట్టు, ఇష్టం కూడా..."

"ఒట్లు పెట్టకూడదన్నావుగా ఇందాక."

"ఇప్పుడేమైందని? మీ నాన్నకి ఇక తెలియదు. మనకి ఇల్లొస్తుంది. నువ్వే కదా గొళ్ళెం గొళ్ళెం అని గెంతావు!"

"రేపు మా అమ్మ గుళ్ళో ఉంటుంది. పాటలవాళ్ళ వరసలో. నీకు ఎదురుగా. మా నాన్న సమాధి ఇంటి ముందే ఉంది, రోజూ పొద్దున దాని మీద కూర్చుని తల దువ్వుకుంటుంది, ఆయనతో కబుర్లు చెప్పుకుంటూ. రేపటి నుంచి ఎలా కూర్చుంటుంది రొపాటీ? కింద మనిషి కాలుతున్నాడని నువ్వు చెప్పాక?"

"వినాలి అమ్మాయ్. మీ అమ్మ కూడా వినాలి. అతను దేవుణ్ణి వెక్కిరించినప్పుడల్లా పక్కన కూర్చుని నోరు మూసుకుని నవ్వేదిగా? ఆ నవ్వు ఊరంతా చూసింది. రేపు ఏడుపు కూడా చూస్తుంది."

"నేను లేవకపోతే ఏం చేస్తారు అత్తయ్యా?"

"లేవకపోతే వీడు పెద్దల ముందు అబద్ధం ఆడినట్టు. వీణ్ణి జన్మలో ఏ గుళ్ళోనూ నిలబడనివ్వరు. నిన్ను ఎల్లుండి మీ అమ్మ దగ్గరికి పంపిస్తాను. పది వారాలైనా కాకుండానే ఎందుకు తిరిగొచ్చిందో ఊళ్ళోవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, వాళ్ళే కల్పించుకుంటారు. అలాంటివి కల్పించడంలో మనవాళ్ళకి కాలేజీ అక్కర్లేదు."

"లోసా, నీ కాళ్ళు పట్టుకుంటాను. ఒక్క రోజు. ఒక్క నిమిషం. లేచి, అవునండీ, నేను విన్నాను అంటే చాలు."

"ఏం విన్నానని?"

"అదే... ఆయన అరుస్తూ అరుస్తూ చివరికి నీ చెవిలో ఏదో చెప్పాడన్నాను. నరకంలో ఏం చూశాడో నీకు మాత్రమే చెప్పాడన్నాను. వాళ్ళు నన్ను అడిగారు, ఏం చూశాడూ అని. నాకప్పటికప్పుడు ఏమీ తోచలేదు. అది నా భార్య చెప్పాల్సిన సాక్ష్యం, నేను చెప్పకూడదు అన్నాను. ప్రిన్సిపాలుగారికి అది మరీ నచ్చింది. అది వినడానికే వస్తున్నారు."

"అంటే, నాన్న నరకంలో ఏం చూశాడో రేపు నేను చెప్పాలి."

"అవును."

"నేను ఏం చెబితే అదే."

"నువ్వు ఏం చెబితే అదే. నేను పక్కనుంచి అవునంటాను."

"ప్రార్థన ముగించు ముందు. మధ్యలో వదిలేశావ్."

"నిన్నే నమ్ముకున్నాం తండ్రీ, ఆమెన్."

"ఆమెన్. సరే అత్తయ్యా. లేస్తాను."

"నా తల్లే! నేను చెప్పలేదురా, పిల్ల మంచిదే, కాస్త వేడి తగిలితే దారికొస్తుందని?"

"కానీ నాకు చెప్పడం రాదు అత్తయ్యా. మీరు నేర్పండి. మంటలు చూశాడు అంటే సరిపోతుందా?"

"మంటలు ఎవరైనా అంటారు. అలా కాదు. నమ్మేట్టు చెప్పాలి. తడబడుతూ చెప్పు. మధ్యలో ఒకసారి గొంతు పట్టేసినట్టు ఆగు. ముక్కు చీదకు, వెనకవాళ్ళకి వినపడదు."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత ఏదైనా ఒక ఆనవాలు చెప్పు. వింటున్నవాడు ఉలిక్కిపడాలి. ఇది కల్పించింది కాదు, చూసినవాడే చెప్పగలడు అనుకోవాలి. మా ఆయన ముప్పై ఏళ్ళు సంఘపెద్దగా చేశారు. ఎన్ని సాక్ష్యాలు విన్నామనుకున్నావ్? నిలబడేవన్నీ ఆనవాలు ఉన్నవే."

"ఆనవాలు. బాగుంది. అయితే నాన్న అక్కడొక మనిషిని చూశాడు అని చెబుతాను."

"భేష్! మనిషి. చూశావురా దీని తెలివి?"

"నాన్న లోపలికి పోలేదట అత్తయ్యా. గడప ఇవతలే నిలబడ్డాడట. మంటల్లో ఉన్నది ఆ మనిషట. కాళ్ళు కాలిపోతున్నాయి, కాళ్ళు కాలిపోతున్నాయి అని నాన్న అరిచింది తన గురించి కాదట. ఆ మనిషిని చూసి జాలేసి."

"ఇదేంటి? అలా చెబితే మీ నాన్న మంచివాడైపోడూ?"

"ఏమో అత్తయ్యా, నా చెవిలో అలాగే చెప్పాడు. పొగలో మొహం సరిగ్గా కనపడలేదట. చెయ్యి మాత్రం కనపడిందట. ఎడమ చెయ్యి. దానికి బొటనవేలు లేదట. కొబ్బరికాయ కొడుతుంటే కత్తి పడి తెగిపోయిన వేలట. పాత గాయం."

"లోసా, వద్దు. వద్దు."

"ఏం రొపాటీ? ఆనవాలు సరిపోలేదా?"

"ఏమే! ఏమే! నా మొగుడి చెయ్యే అది! మీ మామగారే! పోయి ఏడాది కాలేదు, మూడు ఊళ్ళ గంటలు మోగించి సాగనంపిన మనిషిని తీసుకెళ్ళి నరకంలో పెడతావంటే, నీ నోట్లో పురుగులు పడ!"

"నేనెక్కడ పెట్టాను అత్తయ్యా? చూసింది మా నాన్న. కళ్ళారా చూసినవాడి మాటే రుజువని మీరే అన్నారు. ఏడుగురు పెద్దలు రాసుకున్నారు కూడా."

"అబద్ధమని అరుస్తాను! గుళ్ళోనే లేచి అరుస్తాను!"

"అరవండి. అప్పుడు ప్రిన్సిపాలుగారు అడుగుతారు, ఎక్కణ్ణించి అబద్ధం అని. చెవిలో చెప్పిందా, చెయ్యి పట్టుకున్నదా? మీరు చెప్పిన సాక్ష్యం ప్రకారం ఆ గదిలో ఉన్నది ముగ్గురం. నాన్న, నేను, రొపాటి. నాన్న రాడు. కాబట్టి మీ అబ్బాయినే అడుగుతారు. అక్కడ లేనండీ, అని చెబుతావా రొపాటీ?"

"...నేను... అమ్మా..."

"వీణ్ణి అడగకే! వీడేం చెబుతాడు!"

"అదీ నిజమే. నువ్వేం చెప్పక్కర్లేదు. పక్కనుంచి అవునంటానన్నావుగా, ఆ ఒక్క మాట చాలు."

"లోసా, నా మాట విను. ఇప్పుడే ఉత్తరం రాసేస్తాను. కాలేజీ వద్దని, ఒంట్లో బాగాలేదని. పొద్దున మొదటి బస్సుకి పంపించేస్తాను."

"ఆ బస్సు ఆదివారం నడవదు రొపాటీ. అయినా ఎందుకు మానడం? పాస్టరమ్మా అని పిలిపించుకోవడం నాకు ఎంత నచ్చిందో నీకేం తెలుసు."

"అమ్మాయ్... లోసా... నా తల్లీ. మా ఆయన నన్ను ఒక్క మాట అని ఎరగరే. ఆయన జోలికి పోకు. మీ నాన్న సంగతి వదిలేద్దాం. కావాలంటే మీ నాన్న కోకో తాగి నవ్వుతూనే పోయాడని చెబుదాం."

"కోకో దేనికి రుజువు అత్తయ్యా? లేదు, నేను ఇంకా బాగా గుర్తు తెచ్చుకుంటాను. రేపు గుళ్ళో రెండో గంట కొట్టగానే మొట్టమొదట నేనే లేస్తాను, అమ్మకి బాగా వినపడేట్టు చెబుతాను. మీరు మాత్రం ముందు వరసలో కూర్చోండి. మామయ్యగారు ఆ మంటల్లోంచి మా నాన్నని ఒక్కటే అడిగారట, 'మాసినా ఇంకా రాలేదేం?' అని."